కొట్టిన రొట్టె, పొంగిన రొట్టె

హైదరాబాదు నగరమునుండి పడమరగా వికారాబాదు పోవు బాట మీద మొదట మొయినాబాదు, ఆ పిమ్మట చేవెళ్ల తగులును. ఆ బాట పేరు చెప్పగానే ముసలి మర్రిచెట్లు తలపునకు వచ్చును. నగరమునకు కూరగాయలు, పూలు పంపునట్టి సీమ యిది. నగరము బదులుగా ఇచ్చటికి పంపినవానిలో బేకరీ రొట్టె యొకటి. తరతరములుగా ఇంట రొట్టె కొట్టుకొని తిన్న జనమే అయినను, ఆ మెత్తని రొట్టెను మాత్రము అంగడిలో కొని తెచ్చుకొందురు. ఇంటనే కాల్చుకొనవచ్చు గదా అన్నచో, “అమ్మో, అది మనవల్ల అయ్యే పనేనా?” అందురు. ఈ జంకు ఎక్కడిదో విచారింపదగియున్నది.

జొన్నరొట్టె చేయుట చూచినవారికి ఈ జంకు వింతగానే తోచును. ఎసరు తెర్లుచుండగా పిండిలో పోసి, చేయి కాలుచున్నను ఆ వేడిమీదనే మర్దించవలెను. దీనికి కారణము కలదు. గోధుమపిండికి నీరు తగిలినంతనే అందలి మాంసకృత్తులు సాగుడు గుణము పొందును. ఆ జిగురునకే గ్లూటెన్ అని పేరు. జొన్నలో ఆ జిగురు లేదు. కావున మరుగునీటితో పిండిని కొంత ఉడికించి, ఆ బంకతోనే పని గడుపుకొనవలెను. కర్రతో ఒత్తినచో అంచులు చీలును. అందుచేత పీట మీద త్రిప్పుచు అరచేతితో కొట్టి పలుచన చేయుదురు. పెంక మీద వేసిన వెంటనే పైభాగమున తడిచేయి రాసి, ఆ తడి ఆరుచుండగనే తిరుగవేయవలెను. కొంచెము ఆలస్యమైనచో రొట్టె బీటలు వారును. ఇంతటి పనిని మన తల్లులు పసిబిడ్డ ఏడ్పు వినుచు, పొయ్యిలో పుల్ల ఎగద్రోయుచు, కొలతపాత్ర ఎరుగకయే చేసిరి. ప్రక్కన పుంటికూర పప్పు గాని, వంకాయకూర గాని ఉండును. ఏదియు లేనినాడు ఎల్లిపాయ కారమే గతి. పొద్దున అంబలి, సందెకు రొట్టె. వరి అన్నము పండుగనాటి మాట అని పెద్దలు చెప్పుచుండెడివారు.

ఇంత నేర్పు గల చేతులు పొంగిన రొట్టె యెదుట వెనుదీయుటకు కారణము అది మన యింటికి వచ్చిన తీరులోనే కలదు. హైదరాబాదు వారు దానిని ‘డబల్ రొట్టె’ అన్నారు. నగరమున రొట్టెలు కాల్చు భట్టీలు బజారువే గాని ఇండ్లవి కావు. 1851లో పురానీ హవేలీ చెంత వెలసిన మున్షీ నాన్ అంగడి నాలుగు మూలల నానుకు పేరుపొందినది. 1953లో మొజంజాహీ మార్కెట్టు వద్ద కరాచీ బేకరీ నెలకొన్నది. ఇక పల్లెలలోనికి డబల్ రొట్టె రోగి పథ్యముగా ప్రవేశించినది. జ్వరము తగిలినవానికి పాలలో ముంచి యిచ్చుట తప్ప దానికి వేరు మర్యాద లేకుండెను. ఆరోగ్యవంతుడు అడిగి తినని వస్తువును ఇంట చేయ నేర్చువారెవరు?

పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకొన్న పిదప తమ రొట్టెను అచ్చట వాడుకలోనికి తెచ్చిరి. వారి భాషలో రొట్టెకు గల పేరే మన నోట ‘పావు’ అయినది. పిండిని పొంగించుటకు అచ్చటివారు కొబ్బరికల్లు కలిపిరి. ఈత, తాడి వనములు గల తెలంగాణమునకు ఈపాటి ఉపాయము అందనిది కాదు. అయినను మన కల్లుముంత పిండిపళ్లెరము దరికి ఎన్నడును రాలేదు. దానికి వేరు పనులు చాలా ఉండెను!

పులియబెట్టుట మాత్రము మనకు క్రొత్తదా? ఇడ్లీపిండి రాత్రికి రాత్రి పొంగుట సూక్ష్మజీవుల చలువయే. నిప్పు సంగతియు అంతే. కోస్తా జిల్లాలలో దిబ్బరొట్టెకు మూకుడు మీద మూతపెట్టి, మూతపై నిప్పులు పోసి కాల్చు పద్ధతి ఉండెను. దమ్ము పెట్టుట హైదరాబాదువారికి ఒకరు చెప్పవలసినది కాదు. పొంగిన రొట్టెకు కావలసినవి ఈ రెండు విద్యలే.

పూనుకొనువారికి కొలత చెప్పెదను. అరకిలో మైదాకు 300 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీరు, 10 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల పొడి ఈస్టు చాలును. పది నిమిషములు బాగుగా మర్దించి, తడిగుడ్డ కప్పి, రెండింతలగు వరకు ఉంచవలెను. మన వేసవిలో గంట చాలును. చలికాలమున రెండు గంటలు పట్టును. గడియారమును గాక పిండినే చూడవలెను. పిమ్మట గాలి అణచి, నెయ్యి రాసిన గిన్నెలో అమర్చి, మరల పొంగనిచ్చి కాల్చవలెను. ఓవెను లేనివారు మందపాటి పాత్రలో రెండు వ్రేళ్ల మందమున ఎండు ఇసుక పరచి, ముక్కాలిపీట నుంచి, మూతతో ఇరువది నిమిషములు వేడిచేసిన తరువాత గిన్నెను లోన పెట్టవచ్చును. కుక్కరు వాడినచో రబ్బరుపట్టీని, విజిలును తప్పక తీసివేయవలెను. ముప్పాతిక గంటకు తీసి అడుగున తట్టినచో డొల్లగా మ్రోగవలెను. వేడి క్రిందినుండియే వచ్చుటచే పైభాగము తెల్లగానే మిగులును. అది లోపము కాదు. మూతపై నిప్పులు పోసిన పూర్వులు ఈ చిక్కును ఎరిగినవారే.

ఇంతవరకు బాగుగనే ఉన్నది. కాని ఈ సీమలో నేడు ధైర్యము కావలసినది ఏ రొట్టెకు? 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినది. 2015 నుండి తెలంగాణమున కిలో రూపాయికి మనిషికి ఆరు కిలోలు ఇచ్చిరి. 2025లో సన్నబియ్యము ఉచితముగా ఇయ్యసాగిరి. ఆకలి తీర్చిన పథకములను నిందించుట నా ఉద్దేశము కాదు. అన్నము పండుగనాటి మాటగా ఉన్నవారి యింట అది నిత్యభోజనమగుట చిన్న విషయమా? అయితే పొలములలో జొన్న తగ్గి, పత్తి, మొక్కజొన్న, కూరగాయలు పెరిగినవి. జొన్నతోపాటు రొట్టె కొట్టు చేతులును తగ్గినవి. ఈ దారికి అంత దూరము కాని రాజేంద్రనగరమున భారత చిరుధాన్య పరిశోధన సంస్థ జొన్నతో రవ్వ, అటుకులు, బిస్కత్తులు చేయించి చూపుచున్నది. మంచిదే. కాని ఎసరుపిండిని వేడిమీద మర్దించు ఒడుపు పొట్లములో కట్టి అమ్మునది కాదు; అది పీట ప్రక్కన కూర్చుండి నేర్వవలసినది. డబల్ రొట్టెకు కొలతలు వ్రాసి యీయగలిగితిని. జొన్నరొట్టెకు ఎంత నీరని అడిగినచో ఏ అవ్వయైనను “పిండి ఎంత అడిగితే అంత” అనును. ఆమె మాటలో తప్పు లేదు. పాతజొన్న పిండికిని క్రొత్తజొన్న పిండికిని నీరు ఒక్కతీరుగా పట్టదు.

కావున ఆదివారమునాడు ఇంట డబల్ రొట్టెకు పిండి కలుపు కోడలు, అది పొంగు గంటసేపు అత్త ప్రక్కన కూర్చుండి రెండు జొన్నరొట్టెలు కొట్టి చూచుట మేలు. మొదటిది చినుగును, చినిగినదానిని గిన్నెలో తుంచి మజ్జిగ పోసికొని తినవచ్చును. మిగిలిన డబల్ రొట్టెకు మరునాడు నేతిలో వేయించి, పాలు, చక్కెర పోసి డబల్ కా మీఠా చేయు దారి ఉండనే ఉన్నది.