మూడో రేకు

మా తమ్ముడి కొడుకు గిటారు ఒక ఆదివారం ఉన్నట్టుండి మూగబోయింది. "పెదనాన్నా, పికప్పులు కాలిపోయినట్టున్నాయి" అంటూ మొహం వేలాడేసుకుని తెచ్చాడు. పికప్పులు అంత తేలిగ్గా కాలవు. వెనక మూత మరలు విప్పితే లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంది. నాలిక కొస ఆనిస్తే చురుక్కుమనలేదు. జబ్బేమిటో తేలిపోయింది గానీ, కేబుల్ గుచ్చే జాక్ దగ్గర నా చూపు ఆగింది. దానికి మూడు రేకులున్నాయి. మామూలు గిటారుకు రెండు చాలు, ధ్వని సంకేతానికొకటి, ఎర్తుకొకటి. మరి ఆ మూడోది ఎందుకున్నట్టు?

ఈ జాక్ అసలు గిటారు కోసం పుట్టింది కాదు. పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల మందముండే దాని పిన్ను 19వ శతాబ్దంలో టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో పుట్టింది. ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి కూర్చున్న తరానికి గుర్తుండే ఉంటుంది, ఆపరేటరమ్మ ఒక చిల్లులోంచి పీకి ఇంకో చిల్లులో గుచ్చేది దీన్నే. పిన్ను మీద నల్లగీత ఒకటుంటే మోనో, రెండుంటే స్టీరియో. రెండు గీతల పిన్నులో కొస, నడుమ ఉంగరం, కింద ఒర అని మూడు లోహపు ముక్కలుంటాయి. కొస ఒక సంకేతాన్ని, ఉంగరం ఇంకో సంకేతాన్ని మోస్తే, ఒర ఆ రెండింటికీ ఉమ్మడి ఎర్తు. మావాడి గిటారులోని మూడో రేకు ఆ ఉంగరం కోసం పెట్టింది.

విద్యుత్ గిటారు, స్టీరియో ఇంచుమించు ఈడుజోడు పిల్లలు. 1931లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ బోచాంప్ అయస్కాంతం, తీగచుట్ట కలిపి ఉక్కు తీగల కంపనాన్ని కరెంటుగా మార్చే పికప్ తయారుచేశాడు. ఆ ఏడాదే ఇంగ్లండ్‌లో అలన్ బ్లమ్‌లైన్ రెండు చానళ్ల ధ్వనికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. సినిమాలో నటుడు తెర మీద ఒక మూల ఉంటే గొంతు ఇంకో మూల నుంచి రావడం నచ్చకే ఆయనకీ ఆలోచన వచ్చిందని చెబుతారు. ఈ రెండూ కలుసుకోవడానికి 27 ఏళ్లు పట్టింది. 1958లో స్టీరియో ఎల్పీ రికార్డులు అంగట్లోకి వచ్చాయి. ఇంటింటా రెండో స్పీకరు మోజు పట్టుకుంది. గిటారు కంపెనీలు చూస్తూ ఊరుకుంటాయా?

మొదట కదిలింది న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని గ్రెచ్. అక్కడ జిమ్మీ వెబ్‌స్టర్ అనే గిటారిస్టు కంపెనీ వాయిద్యాలను ఊరూరా వాయించి చూపించేవాడు, కొత్త ఊహలు మోసుకొచ్చేవాడు. ఆయనకు పియానో వాయించడమూ, శ్రుతి చేయడమూ వచ్చు. అందుకేనేమో, గిటారునూ పియానోలాగే చూశాడు. తీగను మీటకుండా రెండు చేతుల వేళ్లతోనూ మెట్ల మీద తట్టి వాయించేవాడు. ఒక చేతికి మంద్రం, ఇంకో చేతికి రాగం. అలాంటివాడికి ఆ రెండు చేతులూ గదిలో రెండు వైపుల నుంచి వినిపించాలనిపించడంలో వింతేముంది? పికప్పుల్లో ఒకటి మూడు లావు తీగలనే వినేలా, రెండోది మూడు సన్న తీగలనే వినేలా అమర్చి, దేని సంకేతాన్ని దాని ఆంప్లిఫయరుకు పంపారు. బంగారు మెరుపులద్దిన తెల్లటి వైట్ ఫాల్కన్ గిటారులోకి 1958లో ఈ ఏర్పాటు ఎక్కింది. పెట్టిన పేరు ప్రాజెక్టోసోనిక్. ఆకాశంలో స్పుత్నిక్ తిరుగుతున్న రోజులు మరి, పేర్లన్నీ రాకెట్ ఎక్కేవి!

మరుసటి ఏడాది మిషిగన్‌లోని గిబ్సన్ కంపెనీ ఈఎస్-345తో వచ్చింది. అది తీగలను విడదీయలేదు, పికప్పులను విడదీసింది. నా మటుకు నాకు ఇదే తెలివైన దారి. ఒకే తీగ మెడ దగ్గర ఒకలా, బ్రిడ్జి దగ్గర ఇంకోలా కంపిస్తుంది. మెడ పక్కన ఊపు ఎక్కువ, మూలస్వరం బలంగా ఉండి నాదం గుండ్రంగా వస్తుంది. బ్రిడ్జి పక్కన ఊపు తక్కువ, ఉపస్వరాల వాటా ఎక్కువ, నాదం కోసుగా పలుకుతుంది. రెండింటినీ ఒకే కేబుల్లో కలిపేస్తే కొన్ని కంపనాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. విడివిడిగా రెండు ఆంప్లకు పంపితే కేబుల్లో ఆ గొడవ ఉండదు. కలవడమంటూ జరిగితే గదిలోని గాలిలోనే.

తంటా అంతా కేబుల్ దగ్గర వచ్చింది. ఈ గిటారుకు వై ఆకారపు కేబుల్ కావాలి, రెండు ఆంప్లు కావాలి. ఆ రాత్రికి చేతికందిన మోనో కేబుల్ గుచ్చారనుకోండి. దాని పిన్నుకు ఉంగరం లేదు, పొడవాటి ఒరే ఉంది. ఆ ఒర ఎర్తు రేకునూ ఉంగరపు రేకునూ ఒక్కసారే తాకి రెండింటినీ కలిపేస్తుంది. అంటే ఒక పికప్పు సంకేతం నేరుగా ఎర్తులోకి పోతుంది. సగం గిటారు మూగ. పోనీ లోపలి వైర్లు మార్చి రెండు పికప్పులనూ మోనోగా కలుపుదామంటే ఇంకో చిక్కు. ఈఎస్-345లో ఒక పికప్పు అయస్కాంతం తిరగేసి ఉంటుంది కాబట్టి, రెండూ కలిస్తే ముక్కుతో పాడినట్టు పీలగా వస్తుంది. రికెన్‌బ్యాకర్ గిటారు కంపెనీ వాళ్లు ఈ కేబుల్ బాధ ముందే ఊహించినట్టున్నారు. రిక్-ఓ-సౌండ్ అని పేరు పెట్టి, మోనోకొకటి స్టీరియోకొకటి, పక్కపక్కనే రెండు జాకులిచ్చారు. బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ పేరు మీద వచ్చిన లూసిల్ గిటారుకూ రెండు జాకులే.

అయినా స్టేజీ మీద స్టీరియో గిటారు నిలదొక్కుకోలేదు. రెండు స్పీకర్లకూ సమదూరంలో కూర్చున్నవాడికే ఆ విస్తారం. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి వస్తే, ముందుగా చేరినదాని వైపే చెవి మొగ్గుతుంది. కుడి స్పీకరు ముందు సీటు దొరికినవాడికి గ్రెచ్ మీద సన్న తీగలే వినిపిస్తే వాడేం చేస్తాడు పాపం? స్టూడియోలో మాత్రం ఈ బాధ లేదు. రాక్ గాయకుడు నీల్ యంగ్ తన స్టీరియో వైట్ ఫాల్కన్‌ను రెండు ఆంప్లకు తగిలించి వాయించేవాడు. 1972 నాటి హార్వెస్ట్ ఆల్బంలో, 'వర్డ్స్' అనే పాటలో, ఆ చీలిక బాగా తెలుస్తుంది.

తర్వాత స్టీరియో గిటారును వదిలి ఆంప్‌లోకి పోయింది. 1975లో జపాన్‌కు చెందిన రోలాండ్ జేసీ-120 తెచ్చింది. దానిలో 60 వాట్ల ఆంప్లు రెండు, 12 అంగుళాల స్పీకర్లు రెండు. గిటారు నుంచి వచ్చేది ఒక్క మోనో సంకేతమే. కోరస్ మీట వేస్తే ఒక స్పీకరు దాన్ని ఉన్నదున్నట్టు పలుకుతుంది, రెండోది శ్రుతి కొద్దిగా అటూ ఇటూ ఊగేలా పలుకుతుంది. ఆ రెండూ గాలిలో కలిసి అలలా తిరుగుతాయి. మరుసటి ఏడాది అదే కోరస్ 'బాస్ సీఈ-1' అనే పేరుతో కాలితో నొక్కే పెట్టెలోకి దిగింది. దానికి రెండు అవుట్‌పుట్లు. గిటారుకు ఇక మామూలు మోనో కేబుల్ చాలు.

మరి మూడో రేకు? బ్యాటరీతో నడిచే పికప్పులు వచ్చాక దానికి వేరే కొలువు దొరికింది. బ్యాటరీ రుణ ధ్రువం వైరు తెచ్చి ఉంగరపు రేకుకు అతికిస్తారు. మోనో పిన్ను గుచ్చగానే దాని పొడవాటి ఒర ఆ రేకునూ ఎర్తునూ కలిపేస్తుంది, సర్క్యూట్ పూర్తవుతుంది, బ్యాటరీ పని మొదలెడుతుంది. ఈఎస్-345 గొంతు నొక్కిన కలయికే ఇక్కడ స్విచ్చు. పిన్ను పీకితే ఆగిపోతుంది. వేరే బటన్ అక్కర్లేదు.

పీకితేనే సుమా. మావాడు శనివారం రాత్రి వాయించి, గిటారును గోడకు ఆనించి, కేబుల్ అలాగే వదిలేసి పడుకున్నాడు.