కూతకెళ్లేవాడికే కోట్లా?

దసరా సెలవులొచ్చాయంటే ఇబ్రహీంపట్నం మండలంలో బడి మైదానాలకు కొత్త కళ వస్తుంది. వర్షకొండ కానివ్వండి, గోధూర్ కానివ్వండి, గోదారి ఒడ్డున ఉన్న ఎర్దండి కానివ్వండి... సాయంత్రం నాలుగయ్యేసరికి ముగ్గుపిండితో గీతలు పడతాయి. చెప్పులు గట్టు మీదికి చేరతాయి. ఇద్దరు పెద్ద పిల్లలు ఎదురెదురుగా నిలబడి జట్లు పంచుకుంటారు. ఒకసారి నువ్వు, ఒకసారి నేను!

ముందుగా ఎవరి పేరు పిలుస్తారు? ఏ ఊళ్లోనైనా ఒకటే జవాబు. పాదరసంలా కదిలేవాణ్ని, గుక్క తిప్పుకోకుండా కూత పెట్టేవాణ్ని, ముగ్గురి మధ్య నుంచి జారిపోయి గీత తాకేవాణ్ని. కాలు దొరికితే వదలని మొండి పట్టువాడి వంతు చివర్లో ఎప్పుడో వస్తుంది. 'సరే, వాణ్నీ ఇటు రమ్మను' అన్నట్టు!

పిల్లలాటే కదా అనుకుంటే పొరపాటు. కోట్ల రూపాయలు చేతులు మారే ప్రొ కబడ్డీ లీగ్ వేలంలోనూ ఏళ్ల తరబడి జరిగింది ఇదే. కూతకెళ్లే రైడర్‌కు కోట్లు, పట్టు పట్టే డిఫెండర్‌కు లక్షలు. మరి ఆ కోట్లు కప్పు తెచ్చిపెట్టాయా? మన తెలుగు టైటాన్స్ కథే వింటే సగం జవాబు దొరుకుతుంది.

సంచిలో సగం ఒక్కడికే

ప్రొ కబడ్డీ 2014లో మొదలైంది. ఆ ఏడు వేలంలో అందరికంటే ఎక్కువ ధర పలికింది రాకేశ్ కుమార్. పట్నా పైరేట్స్ అతనికి పెట్టింది 12 లక్షల 80 వేలు. అప్పట్లో అదే గొప్ప. నాలుగేళ్లు తిరిగేసరికి లెక్క కోటి దాటింది. 2018లో హరియాణా స్టీలర్స్ రైడర్ మోనూ గోయత్‌ను కోటీ 51 లక్షలకు కొంటే, తెలుగు టైటాన్స్ రాహుల్ చౌదరి కోసం కోటీ 29 లక్షలు పెట్టింది. మరుసటి ఏడు సిద్ధార్థ్ దేశాయ్ కోసం టైటాన్స్ కోటీ 45 లక్షలు వెచ్చించింది. ఆ వేలంలో అదే అత్యధికం. ముగ్గురూ కూతకు పేరుపడ్డవాళ్లే.

ఫలితం? మోనూను కొన్న ఏడు హరియాణా తన జోన్‌లో అట్టడుగున నిలిచింది. దేశాయ్ వచ్చిన తొలి సీజన్‌లో రెండొందలకు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. అయినా పన్నెండు జట్లలో టైటాన్స్‌ది పదకొండో స్థానం!

అసలు కథ 2023 అక్టోబరులో జరిగింది. చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన భారత జట్టుకు నాయకుడు పవన్ సెహ్రావత్. ఆ వెంటనే ముంబయిలో జరిగిన వేలంలో తెలుగు టైటాన్స్ అతణ్ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకు దక్కించుకుంది. లీగ్ చరిత్రలో అప్పటిదాకా ఎవరికీ అంత ధర రాలేదు. ఆ సీజన్‌లో ఒక్కో జట్టు ఆటగాళ్ల మీద పెట్టగలిగిన మొత్తం 5 కోట్లు. అంటే సంచిలో సగం కంటే ఎక్కువ ఒక్కడికే పోయింది. మిగతా జట్టంతా మిగిలిన సగంలో సర్దుకోవాలి.

పవన్ మాట తప్పలేదు. రెండొందలకు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. కానీ 22 మ్యాచ్‌ల్లో టైటాన్స్ గెలిచింది రెండే రెండు. పట్టికలో ఆఖరి స్థానం.

బయట కూర్చుంటే ఏం లాభం?

అంత ఆటగాడుండీ ఎందుకిలా అయింది? జవాబు కబడ్డీ నియమాల్లోనే ఉంది.

క్రికెట్‌లో అయితే గొప్ప బ్యాట్స్‌మన్ ఒక్కడే ఒక చివర నిలబడి మ్యాచ్ లాక్కురావచ్చు. కబడ్డీలో అలా కుదరదు. రైడర్ దొరికిపోతే బయటికెళ్లి కూర్చోవాల్సిందే. మళ్లీ లోపలికి రావాలంటే తోటివాళ్లు పాయింటు తేవాలి. ఇంకో రైడర్ ఎదుటివాణ్ని తాకి రావాలి, లేదా ఎదుటి రైడర్‌ను మనవాళ్లు పట్టాలి. అంటే, కోట్ల రూపాయల కూతగాణ్ని మళ్లీ బతికించేది లక్షల రూపాయల పట్టుగాడే! ఆ పట్టు బలహీనంగా ఉంటే ఎదుటి జట్టు పని సులువు. మొనగాణ్ని ఒక్కసారి పట్టి బయట కూర్చోబెడితే చాలు. నలభై నిమిషాల ఆటలో ఎన్ని నిమిషాలు అతను బల్ల మీద కూర్చుంటే జట్టుకు అంత నష్టం.

ఇంకోటి శరీరం సంగతి. ఒక్కో కూతకు ముప్పై సెకన్లు. ఆ కాస్తలో ఏడుగురి మధ్యకు వెళ్లి రావాలి. ఒకడు చీలమండ పడతాడు, ఒకడు నడుం పడతాడు, నలుగురు మీద పడతారు. మోకాలు, భుజం ఎన్నాళ్లని ఓర్చుకుంటాయి?

2022 వేలంలో తమిళ్ తలైవాస్ ఇదే పవన్‌ను 2 కోట్ల 26 లక్షల 50 వేలకు కొంది. అప్పటికి అదే రికార్డు. తొలి మ్యాచ్‌లోనే మోకాలికి గాయమైంది. సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. ఇక తలైవాస్ పని అయిపోయినట్టేనని అందరూ అనుకున్నారు. అయిందా? కాలేదు! నరేందర్ అనే కుర్రాడు కూత బాధ్యత ఎత్తుకున్నాడు. సాగర్, సాహిల్ గులియా పట్టు బిగించారు. ఆ జట్టు తన చరిత్రలో మొదటిసారి సెమీఫైనల్‌కు చేరింది. ఆ కుర్రాళ్లెవరికీ కోట్లు ఇచ్చింది లేదు.

ప్రదీప్ నర్వాల్ కథ మరీ గుండె పిండుతుంది. 2017లో ఒక్క సీజన్‌లోనే 369 రైడ్ పాయింట్లు. ఒకే కూతలో ముగ్గురు నలుగురిని తాకి, వాళ్ల చేతుల కింది నుంచి దూరి వచ్చేవాడు. 2021లో యూపీ యోధా కోటీ 65 లక్షలిచ్చింది. అప్పటికి రికార్డు. 2024లో బెంగళూరు బుల్స్ దగ్గర ఆ ధర 70 లక్షలకు దిగింది. 2025 వేలంలో అతని పేరు పిలిస్తే ఏ జట్టూ చెయ్యెత్తలేదు. లీగ్ చరిత్రలోనే అత్యధిక రైడ్ పాయింట్లున్న ఆటగాడు రిటైర్‌మెంట్ ప్రకటించాడు. అదే వేలంలో పవన్ పలికిన ధర 59 లక్షల 50 వేలు. రెండేళ్లలో నాలుగో వంతుకు కూడా రాలేదు.

పట్టుకు పట్టం

మరి కప్పులెవరు కొట్టారు? 2023 వేలంలో పుణెరి పల్టన్ ఇరాన్‌కు చెందిన మొహమ్మద్‌రెజా షాద్లూయీని 2 కోట్ల 35 లక్షలకు కొంది. అవసరమైతే కూతకూ వెళ్తాడు గానీ అతని అసలు బలం పట్టు. ఆ సీజన్‌లో అందరికంటే ఎక్కువ ట్యాకిల్ పాయింట్లు అతనివే. 2024 మార్చి 1న హైదరాబాద్ గచ్చిబౌలిలో జరిగిన ఫైనల్లో పుణెరి గెలిచింది. మరుసటి సీజన్‌కు హరియాణా స్టీలర్స్ అతణ్ని 2 కోట్ల 7 లక్షలకు తీసుకుంది. 2024 డిసెంబరు ఫైనల్లో పట్నా పైరేట్స్‌ను ఓడించి హరియాణా తొలిసారి కప్పెత్తింది. ఆ పట్నాలో ఎవరున్నారో తెలుసా? సీజన్‌లో అత్యధికంగా 301 రైడ్ పాయింట్లు తెచ్చిన దేవాంక్!

దేవాంక్‌ను 2025లో బెంగాల్ వారియర్స్ 2 కోట్ల 20 లక్షల 50 వేలకు ఎగరేసుకుపోయింది. పట్నా బెంబేలెత్తలేదు. అయాన్ అనే కుర్రాణ్ని ముందుకు తోసింది. ఆ సీజన్‌లో ముందువరుస రైడర్లలో అతనూ ఒకడయ్యాడు. పట్నా ప్లేఆఫ్స్‌కు చేరింది, బెంగాల్ చేరలేదు.

అయితే పట్టుగాడికి కోట్లిస్తే కప్పు వచ్చినట్టేనా? అదీ కాదు. షాద్లూయీకి 2025లో 2 కోట్ల 23 లక్షలు పెట్టిన గుజరాత్ జెయింట్స్ ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు. అంతకుముందు 2022లో మన టైటాన్స్ సుర్జీత్ సింగ్, విశాల్ భరద్వాజ్, పర్వేశ్ లాంటి పేరున్న డిఫెండర్లను ఒకచోట చేర్చింది. అయినా 22 మ్యాచ్‌ల్లో రెండే గెలుపులు. పట్టు అనేది గొలుసు లాంటిది. కార్నర్‌లో ఉన్నవాడు కాలు పట్టగానే కవర్‌లో ఉన్నవాడు మీద పడాలి. క్షణం ఆలస్యమైతే పట్టినవాడూ ఔటే. ఆ లంకె వేలంలో దొరకదు, కలిసి ఆడితే కుదురుతుంది.

ఇక రైడర్ల తరఫు వాదన కూడా తీసిపారేసేది కాదు. 2025లో దబంగ్ దిల్లీ తన రైడర్ ఆశు మలిక్‌ను వదులుకోకుండా కోటీ 90 లక్షలు పెట్టింది. ఆ ఏడు కప్పు దిల్లీదే! పక్కనే ఫజల్ అత్రాచలీ, సుర్జీత్ సింగ్ లాంటి తలపండిన పట్టుగాళ్లున్నారు మరి. పైగా జనం స్టేడియానికి వచ్చేది ఎవరి కోసం? టీవీలో పిల్లలు తొడ కొట్టి చూపించేది ఎవర్ని చూసి? ఏళ్ల తరబడి టైటాన్స్ ఓడినా అభిమానులు వదలకుండా చూశారంటే అందులో రాహుల్ చౌదరి వాటా తక్కువేం కాదు.

అక్కడా ఇదే గొడవ

ఈ తర్జనభర్జన కబడ్డీదే అనుకోకండి. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌లోనూ ఇదే రచ్చ. అక్కడ బంతిని చంకన పెట్టుకుని ఎదుటి గుంపులోంచి దూసుకెళ్లేవాణ్ని రన్నింగ్ బ్యాక్ అంటారు. మన రైడర్‌కు దూరపు చుట్టమన్నమాట! కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ముందటేడు బాగా ఓడిన జట్టుకు తొలి వంతు. ఆ విలువైన వంతును రన్నింగ్ బ్యాక్ మీద వాడాలా అన్నదే ప్రశ్న. వీళ్ల శరీరాలూ త్వరగా అలిసిపోతాయి కాబట్టి 2013, 2014, 2024 సంవత్సరాల్లో తొలి రౌండులో ఒక్కణ్నీ తీసుకోలేదు. 2025లో మాత్రం ఆష్టన్ జీంటీని ఆరో వంతులోనే ఒక జట్టు ఎంచుకుంది. ఆ జట్టు పేరు రైడర్సే కావడం తమాషా!

సేక్వాన్ బార్క్‌లీ కథ వింటే మన పవన్ గుర్తొస్తాడు. 2018లో న్యూయార్క్ జెయింట్స్ రెండో వంతులోనే అతణ్ని తీసుకుంది. ఆరేళ్లలో ఆ జట్టు ప్లేఆఫ్స్ చూసింది ఒక్కసారే. 2024లో ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కు మారాడు. దారి చేసిపెట్టే బలమైన ముందువరుస అక్కడుంది. ఒక్క సీజన్‌లో 2,005 గజాలు పరిగెత్తాడు. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ కప్పు ముద్దాడాడు. మనిషి అతనే, చుట్టూ ఉన్నవాళ్లే మారారు.

ముందు గోడలు, తర్వాత గోపురం

ఈ సంగతి మన టైటాన్స్‌కూ అర్థమైనట్టుంది. 2025 సీజన్‌కు ముందు పవన్‌ను వదిలేసింది. విజయ్ మలిక్‌ను నాయకుణ్ని చేసింది. కూతా పట్టూ రెండూ తెలిసిన భరత్ హుడాకు 81 లక్షలిచ్చింది. కార్నర్‌లో శుభమ్ షిండేను నిలబెట్టింది. ఒక్కడికీ కోటి ఇవ్వలేదు. శిక్షకుడు కృష్ణకుమార్ హుడా చేతిలో ఆ జట్టు ప్లేఆఫ్స్‌లో బెంగళూరును, పట్నాను దాటి రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లింది. అక్కడ పుణెరి చేతిలో ఓడినా, మూడు సీజన్లలో కలిపి ఐదే మ్యాచ్‌లు గెలిచిన రోజులను గుర్తుపెట్టుకున్న అభిమానికి అది పండగే.

పసుపు పండించే ఇబ్రహీంపట్నం రైతుకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. ఎనిమిది తొమ్మిది నెలల పంట అది. విత్తనానికే ఉన్నదంతా ఊడ్చిపెట్టి, ఎరువుకూ నీళ్లకూ చేతిలో పైసా మిగుల్చుకోకపోతే ఎంత మంచి కొమ్మయినా ఏం ఊరుతుంది? గొప్ప రైడర్ మంచి విత్తనమే. మడి సిద్ధమయ్యాక వేయాలి, అంతే.

ఈ సంగతి ముందు తెలియాల్సింది బడి మైదానంలో పిల్లలకు. పదిమందిలో తొమ్మిదిమంది కూతకే ఎగబడతారు. అందరూ పవన్‌లు కాలేరు. కానీ ఏ జట్టుకైనా ఇద్దరు కార్నర్లు, ఇద్దరు కవర్లు కావాల్సిందే. రైల్వేస్ జట్టయినా, సర్వీసెస్ జట్టయినా అంతే. ఆడుతూ ఉద్యోగం సంపాదించే దారి పట్టుగాడికీ తెరిచే ఉంది. పైగా ఆ వరుసలో పోటీ కాస్త తక్కువ!

అందుకే, వచ్చే దసరాకు ఎర్దండిలోనో వర్షకొండలోనో జట్లు పంచుకునేటప్పుడు ఒక పిల్లాడైనా తొలి వంతులో ఆ మొండి పట్టువాణ్ని పిలిస్తే బాగుండు. చుట్టూ ఉన్నవాళ్లు ముందు నవ్వుతారు. ఆట అయ్యాక ఎవరు నవ్వుతారన్నది వేరే సంగతి!