చక్కెరతో కరెంటు

షుగరు పరీక్షలో నెత్తురు చుక్కను తాకించే పట్టీ మీద ఎంజైము ఉంటుంది. అది గ్లూకోజు నుంచి ఎలక్ట్రాన్లు లాగి ఎలక్ట్రోడుకు చేరుస్తుంది. ఆ కొంచెం కరెంటునే మిషను కొలుస్తుంది.

ఇలాంటి ఎంజైముతో 1964లో అమెరికాలో బ్యాటరీ కూడా చేశారు. దాన్ని జీవ ఇంధన ఘటం అంటారు. అయితే ఎంజైమును ఊరికే వదిలితే కొట్టుకుపోద్ది. మన కొల్లేట్లో వలని కర్రకి కట్టకపోతే నిలుస్తుందా? అలాగే దీన్నీ జెల్లులో ఇరికించో, రసాయనంతో అతికించో ఎలక్ట్రోడు మీద నిలబెడతారు. దూరమైతే ఎలక్ట్రాను అందదు. మరీ బిగిస్తే ఎంజైము పాడవుద్ది. ఎలా పట్టించినా కొన్నాళ్లకి దాని బలం తగ్గిపోద్ది. అదే పెద్ద చిక్కు.

2010లో ఫ్రాన్సులో ఇలాంటిది ఎలుక ఒంట్లో పెడితే కరెంటు వచ్చింది. గుండెకు పెట్టే మిషనుకి బ్యాటరీ మార్చాలని మళ్లీ కోత పెట్టక్కర్లేకుండా చేయాలని ఆశ. బాగా చదివి, ఆ చిక్కు మనమూ విప్పుదాం!