కట్టా కావాలి, తూమూ కావాలి



మన సంఘ కుటుంబాల నుండి ఎందరో ఆడపిల్లలు నర్సింగు చదివి ఆసుపత్రుల్లో సేవ చేస్తున్నారు. ఇంజక్షను ఇవ్వడం, సెలైను ఎక్కించడం వారు బడిలోనే నేర్చుకుంటారు. అయితే కొన్నేళ్లు గడిచి, వార్డు మొత్తం తమ చేతికి వచ్చిననాడు కావలసిన విద్య వేరు. ఆ విద్యను గురించి మనం అంతగా ఆలోచించము.

వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రి మనందరికీ తెలిసినదే. రోగులను చూడబోయినప్పుడు సంఘకాపరులముగా మేము గమనించేది ఒకటుంది. పెద్దాసుపత్రి ఏదైనా సరే, హెడ్ సిస్టరును ఇద్దరు ఇటూ అటూ లాగుతున్నట్టే ఉంటుంది. రోగి పక్కన నిలబడి ధైర్యం చెప్పాలి, రిజిస్టర్లూ రాయాలి. డాక్టరు చెప్పినది చేయాలి, మందు మోతాదుపై సందేహం కలిగితే అడిగీ తీరాలి. కొత్త సిస్టరు పొరపాటు చేస్తే సరిదిద్దాలి, మరీ భయపెడితే ఆమె రేపటి పొరపాటును దాచిపెడుతుంది. బిడ్డకు జ్వరమన్న తల్లికి సెలవివ్వాలి, రాత్రి డ్యూటీకి మనిషీ ఉండాలి. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర జనరల్ ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ లెక్క తప్పినచోట ఈ లాగులాట మరీ ఎక్కువ.

చెడిపోయిన మోటారును బాగుచేస్తే ఆ పని అయిపోతుంది. ఈ చిక్కులు అలాంటివి కావు. మన పాకాల, రామప్ప చెరువులను చూడండి. కట్ట నీటిని ఆపుతుంది, తూము నీటిని వదులుతుంది. రెండింటిలో ఏది మేలని రైతు అడగడు. ఎప్పుడు ఎంత వదలాలో తెలిసిన నీరటి ఉంటేనే చెరువూ నిలుస్తుంది, పొలమూ పండుతుంది. వార్డుకు హెడ్ సిస్టరు అటువంటి మనిషి.

ఈ నేర్పు శిక్షణతో వస్తుంది. మొదట, రెండు వైపులా మేలు ఉందని ఒప్పుకోవాలి. తరువాత, ఒకవైపు మరీ ఒరిగినప్పుడు కనబడే గుర్తులను ముందే రాసిపెట్టుకోవాలి. నియమం మితిమీరితే తల్లి గేటు బయట, బిడ్డ మంచం మీద ఏడుస్తారు. దయ మితిమీరితే మంచం చుట్టూ పదిమంది చేరి, సిస్టరుకు దారి ఉండదు, అంటురోగాలు పాకుతాయి. అందుకే రోగికి ఒక్కరే తోడు, చూడడానికి వేళలు, పసిబిడ్డకు మాత్రం తల్లి ఎప్పుడూ దగ్గరే అన్న ఏర్పాటు. డాక్టరుతో మాట్లాడేటప్పుడు తాను చూసినది, అనుమానించినది, కోరేది వరుసగా చెప్పడం కూడా ఈ శిక్షణలో భాగమే.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1860లో ఫ్లారెన్స్ నైటింగేల్ లండనులో స్థాపించిన బడిలో చదివినవారు ఇతర ఆసుపత్రులకు మేట్రన్లుగా వెళ్లారు. వేలూరులో డాక్టరు ఐడా స్కడ్డర్ 1909లో నర్సింగు బడి ప్రారంభించగా, 1946లో అక్కడ డిగ్రీ చదువు మొదలైంది. మన రాష్ట్రంలో 2023లో స్టాఫ్ నర్సులకు నర్సింగ్ ఆఫీసర్లని పేరు మార్చారు. మంచిదే. అయితే పేరుతోపాటు నడిపించే నేర్పు కూడా రావాలి.

కాబట్టి పెళ్లయిన కోడలు పై చదువుకో, శిక్షణకో వెళ్తానంటే "ఉద్యోగముంది కదా, ఇంకా ఎందుకు?" అనకండి. ఇంటిపని కొంత మీరు పంచుకోండి. ఆసుపత్రికి వెళ్లినప్పుడు సిస్టరమ్మ "ఒక్కరే ఉండండి" అంటే కోపగించుకోకండి. ఆమె కాపాడుతున్నది మీ రోగినీ, పక్క మంచం మీది రోగినీ కూడా.