కంటి గురియు గుండు పరుగును

గత శీతకాలమున ఉన్నత తరగతుల విద్యార్థులను వెంటబెట్టుకొని మేము జగిత్యాల కోటను చూడబోయితిమి. 1747వ సంవత్సరమున కట్టబడిన ఆ రాతికోట నక్షత్రాకారమున నుండి, చుట్టును అగడ్త కలిగి, నేటికిని పాత ఫిరంగులను నిలుపుకొని యున్నది. అందొక ఫిరంగిపై చేయి వేసి, కోరుట్ల ప్రాంతపు రైతుబిడ్డ యొకడు మమ్మిట్లడిగెను: "అయ్యగారూ! అమెరికా దేశమున సిపాయిలు వాడి విడిచిన రైఫిళ్లను రైతులు చౌకగా కొని, నక్కవంటి జంతువులను కాల్చెదరట. మా మక్కచేనిలో రాత్రియంతయు పందులు పడుచున్నవి. నక్కలు మేకపిల్లల నెత్తుకొని పోవుచున్నవి. అట్టి రైఫిలు మాకేల దొరకరాదు?"

ప్రశ్న మంచిది. పంట పోయిన యింటి బాధ దానియందున్నది. ఆనాడు నాలుగు మాటలలో చెప్పిన యుత్తరమును ఇచ్చట విశదముగా వ్రాయుచున్నాము.

ఆ బాలుడు చెప్పిన జంతువు పేరు కాయోట్. అది మన నక్కకు దగ్గరి చుట్టము, కొంచెము పెద్దది. అమెరికా పశ్చిమభాగమున గొఱ్ఱెలను పెంచువారికి అది చిరకాల శత్రువు. రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసిన పిమ్మట, పలుదేశముల సైన్యములకు అక్కరలేని రైఫిళ్లు ఆ దేశమున స్వల్పవెలకు అమ్మబడెను. బ్రిటిషువారి లీ ఎన్‌ఫీల్డు, జర్మనుల మౌజరు, రష్యనుల మోసిన్ నాగాంట్ అట్టివే. వానికి దుర్భిణి యుండదు. ఇనుపగురి మాత్రమే యుండును.

ఇనుపగురి యనగా నేమి? గొట్టము కొనయందు చిన్న మొన యొకటి, కంటికి దగ్గరగా గండిగల రేకు ఒకటి యుండును. గండి నడుమ మొనను నిలిపి, మొన తలపై గురిని నిలుపవలెను. రేకు, మొన, జంతువు అను మూడును మూడు దూరములలో నున్నవి. మనుష్యుని కన్ను ఒక్కమారు ఒక్క దూరమునే స్పష్టముగా చూడగలదు. కావున నేర్పరులు మొనను స్పష్టముగా చూచి, రేకును జంతువును కొంత మసకగా విడుతురు. నలువది యేండ్లు దాటిన మావంటివారికి దగ్గరి రేకు మరింత మసకబారును.

ఇప్పుడు మీ లెక్కల పుస్తకమును తెరువుడు. రేకునకును మొనకును నడుమ 50 సెంటీమీటర్లున్నవనుకొందము. మొన గండి నడుమనుండి ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు తొలగినయెడల, తప్పు ఐదువందలలో ఒకవంతు. 100 మీటర్ల దూరమున అది 20 సెంటీమీటర్లగును. ఇక మొన వెడల్పు 2 మిల్లీమీటర్లు, కంటికి దాని దూరము 80 సెంటీమీటర్లు అనుకొందము. 100 మీటర్ల దూరమున ఆ మొన 25 సెంటీమీటర్ల వెడల్పును కప్పివేయును. 200 మీటర్ల దూరమున అర మీటరును కప్పివేయును. నక్క భుజముకడ సుమారు అడుగున్నర యెత్తుండును. దాని మొండెము జానెడు మాత్రమే. 200 మీటర్ల దూరమున మన కెదురుగా నిలిచిన నక్క ఆ మొన చాటున మరుగుపడిపోవును. ఇది పట్టపగటి లెక్క. పందులు చేనిలో పడునది రాత్రియందు. అప్పుడు మొనయే కానరాదు.

మరియొక చిక్కు కలదు. సిపాయి రైఫిలు గురి సిపాయి పనికై అమర్చబడినది. అమెరికా సైన్యపు 1903 నమూనా స్ప్రింగ్‌ఫీల్డు రైఫిలు రేకును పడుకొనబెట్టినయెడల, దాని గురి 500 గజములకు పైబడిన దూరమునకు సరిపడును. దూరమున నిలిచిన మనుష్యుని కాయమున గుండు ఎచ్చటనో తగిలిన సైన్యమునకు చాలును. దానితో 200 గజములలోని నక్కను నేరుగా గురిచూచినవాని గుండు దాని వీపు మీదుగా పోవును. ఆ దేశపు అనుభవజ్ఞులు మొదట కాగితపు గురిపై కాల్చి చూచి, గుండు ఎంత యెత్తున తగులుచున్నదో తెలిసికొని, అవసరమైన మొనను మార్చి, ఆ పిమ్మటనే వేటకు పోవుదురు. తమ చేతికి తప్పని దూరమును దాటి వారు కాల్చరు.

గుండునుగూర్చియు తెలిసికొనవలెను. సైన్యపు గుండు సీసమును గట్టి లోహపు తొడుగు పూర్తిగా కప్పియుండును. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కర్మాగారమున పందొమ్మిదవ శతాబ్దము చివర మొన మెత్తనైన గుండ్లు చేయబడెను. శరీరమున విచ్చుకొని ఘోరమైన గాయము చేయు అట్టి గుండ్లను యుద్ధమున వాడరాదని 1899లో హేగు నగరమున దేశములు ప్రకటించెను. అయితే వేటలో న్యాయము తలక్రిందులగును. తొడుగు గుండు జంతువును దూసుకొని పోగా, అది వెంటనే చావక, పొదలలో దూరి దినములతరబడి బాధపడును. గుండు మాత్రము ఆగక ముందుకు పోవును.

ఎంతదూరము పోవును? లీ ఎన్‌ఫీల్డు గుండు సెకనుకు 700 మీటర్లకు మించిన వేగమున బయలుదేరి, అడ్డులేనిచో మైలు దాటి పోగలదు. రాయి తగిలిన ప్రక్కకు ఎగురును. కన్ను గురిపెట్టగల దూరము వంద గజములు. గుండు చంపగల దూరము మైలు. ఈ రెంటి నడుమనున్న చోటికి కాల్చినవాడే బాధ్యుడు. అమెరికా మైదానములలో ఆ మైలు తరచు నిర్జనమైయుండును. మన కోరుట్ల చేలలో ఆ మైలులో ఎవరుందురు? కరెంటు వచ్చెనని మోటారు వేయబోయిన రైతు, మంచెపై కావలియున్న బాలుడు, చేనిలో మంద నిలిపి నిద్రించు గొల్లవాడు. సిరిసిల్లవైపు గుట్టలలో రాళ్లును తోడగును.

మన దేశపు చట్టము ఈ భేదము నెరిగినట్లున్నది. ఆయుధ చట్టము క్రింద .303 బోరు రైఫిలు సామాన్యునకు నిషిద్ధము. బ్రిటిషువారి కాలమునుండియే సైన్యపు తూటాలు ప్రజలచేతికి పోరాదని యెంచిరి. అందుచేతనే మన ప్రభుత్వ కర్మాగారముల .315 బోరు రైఫిలు, లీ ఎన్‌ఫీల్డు పోలికనే కలిగియున్నను, వేరు తూటాతో పుట్టెను. దానికిని లైసెన్సు కావలెను. లైసెన్సున్నంతమాత్రమున వేటకు హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నక్కను వేటాడుట నేరము. పంటను పాడుచేయు అడవిపంది విషయమున మాత్రము, అధికారి వ్రాతపూర్వకమైన అనుమతి నిచ్చినచో, తగిన నిపుణులు దానిని కాల్చవచ్చును.

నక్క పక్షమున ఒక మాట. అది మేకపిల్లను పట్టుట నిజమే. కాని యేడాది పొడుగునను అది తినునది విశేషముగా ఎలుకలను, కళేబరములను, రాలిన పండ్లను. మేకపిల్లలను చీకటిపడకమునుపే గట్టి దొడ్డిలోనికి తోలిన, ఆ నష్టము చాలవరకు తప్పును. నక్కతోక త్రొక్కినవాడు అదృష్టవంతుడని మన పెద్దలందురు. ఎలుకలు తినిన చేనికి నక్క రాకయే అదృష్టము.

పందులకు భయపడి చేని చుట్టును కరెంటు తీగ కట్టుట తుపాకికంటెను ఘోరమైన పని. తీగకు గురియే లేదు. పందిని చూడదు, పొరుగువానిని చూడదు, కట్టిన తండ్రిని సైతము చూడదు. నష్టపోయిన రైతు అటవీశాఖవారికి అర్జీ పెట్టవలెను. పొరుగువారితో కలిసి కావలి కాయవలెను. అది నిదానమైన త్రోవయని మేమెరుగుదుము. ఒక రాత్రి పోయిన పంట ఆ నిదానమును సహింపనీయదనియు నెరుగుదుము. అయినను పోయిన పంట మరుసటి కారున మరల పండును.

ఆ బాలుడు ఫిరంగిపైనుండి చేయి తీసి, "అయితే అయ్యగారూ, గురి నేర్చినవాడు ముందు ఏమి చూడవలెను?" అని యడిగెను. గురి వెనుక ఏమున్నదో చూడవలెనని మేము చెప్పితిమి.