కెమికల్ ఇంజనీరింగ్ పిల్లలకు మందుల ఫ్యాక్టరీ దారి



నా దగ్గర పదో తరగతి చదివిన ఒక అబ్బాయి కెమికల్ ఇంజనీరింగ్‌లో చేరాడు. తండ్రి నిజాంపట్నం హార్బరులో కూలి పని చేస్తాడు. కిందటేడు ఏప్రిల్‌లో వాడు వచ్చి, "మాస్టారూ, ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అంటున్నారు. మందుల కంపెనీలకు వెళ్దామంటే బీఫార్మసీ వాళ్లకే ఇస్తారట. మూడు వేలు కడితే ఫ్యాక్టరీకి వెళ్లకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఒకాయన అన్నాడు. కట్టమంటారా?" అని అడిగాడు. వద్దన్నాను. వద్దనడం తేలికే, దారి చూపడమే కష్టం. వాడితో పాటు నేనూ తెలుసుకున్నది మీ ముందుంచుతున్నాను.

మందుల పరిశ్రమ ఫార్మసీ వాళ్లదే అన్నది అపోహ. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కల్లం అంజిరెడ్డి గారు మన పాత గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు బిడ్డ. గుంటూరు ఏసీ కాలేజీలో బీఎస్సీ, తర్వాత బొంబాయిలో చదువు, పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో కెమికల్ ఇంజనీరింగ్ డాక్టరేట్. హైదరాబాద్ ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేసి పని నేర్చుకున్నాకే, 1984లో ఆ కంపెనీ పెట్టారు.

మందుల ఫ్యాక్టరీలో కెమికల్ ఇంజనీరు పనేమిటి? ఇంట్లో నలుగురికి బిర్యానీ వండే చేయి, వలీమా దావత్‌లో ఐదువందల మందికి డేగిసా దించలేదు. కొలతలు పెంచితే చాలదు. మంట, ఆవిరి, దమ్ము అన్నీ మారిపోతాయి. మందూ అంతే. ప్రయోగశాలలో ఐదు లీటర్ల గాజుపాత్రలో కుదిరిన పద్ధతిని ఐదువేల లీటర్ల రియాక్టరులో కుదర్చాలి. పాత్ర అన్నివైపులా పదింతలైతే లోపలి సరుకు వెయ్యింతలవుతుంది, వేడిని బయటికి లాగే గోడ మాత్రం వందింతలే పెరుగుతుంది. ఆ తేడాను లెక్కగట్టి అదుపులో పెట్టడం కెమికల్ ఇంజనీరు పని. వాడిన సాల్వెంటును మళ్లీ శుద్ధిచేయడం, మందును ఆరబెట్టడం, వ్యర్థజలాల శుద్ధి, భద్రత కూడా అతని చదువులోవే.

అందుకే మాత్రలు చేసే చోటు కన్నా బల్క్ డ్రగ్ తయారుచేసే ప్లాంట్లను వెతకాలి. మనకు అవి పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం, పైడిభీమవరంలో ఉన్నాయి. తెలంగాణలో జీడిమెట్ల, పటాన్‌చెరు, చౌటుప్పల్ వైపు ఉన్నాయి. పెద్ద పేర్ల వెంటే పడకుండా మధ్యతరహా ప్లాంట్లకూ రాయాలి.

వేసవి ఇంటర్న్‌షిప్‌కు ఏప్రిల్‌లో అడిగితే ఆలస్యమే. డిసెంబరులోనే కాలేజీ నుంచి విభాగాధిపతి సంతకంతో ఉత్తరం తీసుకోవాలి. దరఖాస్తులో "ఏదైనా అవకాశం ఇవ్వండి" అని రాయకూడదు. "హీట్ ట్రాన్స్‌ఫర్, మాస్ ట్రాన్స్‌ఫర్ చదివాను, సాల్వెంట్ రికవరీలో గానీ ప్రాసెస్ ఇంజనీరింగ్‌లో గానీ ఆరు వారాలు నేర్చుకుంటాను" అని తేదీలతో సహా రాయాలి. అదే కాలేజీలో చదివి ఆ ప్లాంట్లలో పనిచేస్తున్న సీనియర్లను కలవాలి. డబ్బు తీసుకుని ఇచ్చే ఇంటర్న్‌షిప్ జోలికి పోకూడదు. డిగ్రీ పూర్తయ్యాక కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం నాట్స్ కింద స్టైపెండుతో ఏడాది శిక్షణకూ దారి ఉంది.

భద్రత మాట దాచకూడదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా ఫ్యాక్టరీ ప్రమాదంలో 17 మంది చనిపోయారు. మొదటిరోజు భద్రతా శిక్షణ ఇస్తారా, ఎవరి పర్యవేక్షణలో ఉంచుతారు అని అడిగి పంపడం పెద్దల బాధ్యత. సేఫ్టీ బూట్లు, కళ్లద్దాలు లేకుండా ప్లాంటులో అడుగుపెట్టనీయకూడదు.

మా అబ్బాయి డిసెంబరులో ఏడు ప్లాంట్లకు రాశాడు. ఒక్కటి జవాబిచ్చింది. ఈ వేసవిలో పరవాడలో ఆరు వారాలు సాల్వెంట్ రికవరీలో చేశాడు. గది అద్దె, తిండి, బస్సు, బూట్ల కోసం వాళ్లమ్మ కమ్మలు తాకట్టు పెట్టింది. వాడితో చదివే మన అమ్మాయి ఒకతెకూ అవకాశం వచ్చింది. విశాఖలో ఉండటానికి తెలిసిన ఇల్లు లేక ఇంట్లో పంపలేదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీ ఫీజు వరకే. ఈ ఆరు వారాలను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పేద పిల్లలు వెనకబడేది సరిగ్గా ఇక్కడే. స్కాలర్‌షిప్ ఇచ్చే చేతులే ఈ ఖర్చూ భరించగలవు. డబ్బొక్కటే కాదు. విశాఖలోనో హైదరాబాద్‌లోనో మీకు ఇల్లుంటే ఆడపిల్లలకు ఆరు వారాలు ఒక గది ఇవ్వండి. మీ ఇంట్లో ఎవరైనా ప్లాంటులో పనిచేస్తుంటే, ఏ విభాగంలో ఎవరికి రాయాలో ఒక మాట చెప్పండి. డిసెంబరు లోపు చెబితే వచ్చే వేసవికి పనికొస్తుంది.

ఆ కమ్మలు ఇంకా విడిపించలేదు. అబ్బాయి మాత్రం రియాక్టర్ బొమ్మ గీసి మా బడి పిల్లలకు పాఠం చెప్పి వెళ్లాడు.