మీకు తెలుసా? చక్రాల మీది ఇల్లు పెద్దదైతే ఏమవుతుందో!

కుప్పం మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉన్న ఊరు. కాస్త ఇటు పోతే కర్ణాటక, కాస్త అటు పోతే తమిళనాడు. అందుకే మా రోడ్ల మీద కనబడని బండి లేదు. గ్రానైట్ దిమ్మెలు మోసే ట్రైలర్లు, మదనపల్లె మార్కెట్‌కు టమాటా బాక్సులు తోలే ఐచర్లు, తిరుపతి పోయే టెంపో ట్రావెలర్లు. వీటి నడుమ అప్పుడప్పుడూ లోపలే పడక, పొయ్యి, బాత్‌రూమ్ ఉన్న క్యారవాన్ ఒకటి పోతుంటే ఎంత పనిలో ఉన్నా తలెత్తి చూస్తాం. చిన్న క్యారవాన్‌తో మొదలుపెట్టినవాళ్లకు ఒకటి రెండు ప్రయాణాలు కాగానే పెద్దది కావాలనిపిస్తుంది. ఆ కోరిక న్యాయమైనదే. అయితే బండి పెరిగినప్పుడు ఇంకా ఏమేం పెరుగుతాయో తెలుసుకుని దిగడం మంచిది.

● క్యారవాన్‌కు తెలుగులో ఎప్పటినుంచో ఒక మాట ఉందని మీకు తెలుసా? బిడారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని, పిల్లాపాపలతో సహా ఊళ్లు దాటే బంజారాల గుంపులను మనవాళ్లు బిడారు అనేవారు. హైదరాబాదులోని కార్వాన్ పేట పేరు కూడా గోల్కొండకు వచ్చిపోయే వర్తకుల బిడారుల నుంచి వచ్చిందే. ఇక మన పల్లెల్లో గూడు బండి ఉండేది. వెదురు బద్దలు వంచి, పైన చాప కప్పి, కింద వరిగడ్డి పరిచి తిరునాళ్లకు బయలుదేరితే దారిలో నిద్ర అందులోనే, వంట చెట్టుకింద. ఇంటిని వెంట తీసుకుపోవడం మనకు కొత్త విద్య కాదు.

● సరదాగా తిరగడానికే కట్టించుకున్న తొలి క్యారవాన్లలో ఒకటి 1885 నాటిది. గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండ్ డాక్టరు దానికి వాండరర్ అని పేరు పెట్టుకున్నాడు. పద్దెనిమిది అడుగుల పొడవు, దాదాపు రెండు టన్నుల బరువు, లాగడానికి రెండు గుర్రాలు. ఆ బండితో ఆయన ఇంగ్లండు దక్షిణం నుంచి స్కాట్లండులోని ఇన్వర్నెస్ దాకా పోయాడు. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. ఆయన నౌకరు మూడు చక్రాల సైకిలు మీద బండికి ముందు పోతూ, ఎదురొచ్చేవాళ్లకు పెద్ద బండి వస్తోందని చెప్పి దారి ఇప్పించేవాడు. సందు మలుపులో లారీ క్లీనరు దిగి, తలుపు మీద చరుస్తూ "రైట్, రైట్" అనడం మనం రోజూ చూస్తున్నదే. బండి కాస్త పెద్దదయిందంటే రోడ్డు మీద ఇంకో మనిషి కావలసిందే. నూట నలభై ఏళ్లయినా ఈ లెక్క మారలేదు.

● మోటారు మీద నడిచే తొలి ఇళ్లలో ఒకటి జనం ముందుకు వచ్చింది 1910లో, న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో. పియర్స్ ఆరో కంపెనీ వాళ్లది. వెనక సీటు వెనక్కి వాలిస్తే మంచం, డ్రైవరు సీటు వెనక మడిచిపెట్టిన సింకు. ఈనాటి చిన్న క్యారవాన్లలో సీటు మంచమయ్యే ఏర్పాటు అప్పటిదే.

● తెలుగువాళ్ల తొలి ప్రసిద్ధ మోటారు ఇల్లు ఏది? నన్నడిగితే చైతన్యరథమే అంటాను. ఎన్టీ రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టాక, పాత షెవర్లే వ్యాను ఒకదాన్ని ప్రచారానికి మార్పించారు. లోపల పడుకునే వీలు, పైన నిలబడి మాట్లాడే వేదిక, మైకులు. నడిపింది కొడుకు హరికృష్ణ. ఆ బండిలోనే పడుకుంటూ, రోడ్డు పక్కనే స్నానం చేస్తూ, అక్కడే తింటూ ఆయన రాష్ట్రమంతా తిరిగారు. తొమ్మిది నెలల్లో 75,000 కిలోమీటర్లు అని చెబుతారు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. రాజకీయం సంగతి పక్కనపెట్టి బండిని బండిగా చూడండి. ఇప్పటి ప్రచార బస్సుల పక్కన అది చాలా చిన్నది. సౌఖ్యం పెద్దగా లేదు. కానీ అది పోలేని ఊరు లేదు. చిన్న బండికి ఉన్న అసలు బలం ఇదే.

● ఆ తర్వాత మన నాయకుల బండ్లు పెరుగుతూనే వచ్చాయి. 2022 డిసెంబరులో పవన్ కల్యాణ్ ప్రచార బండి వారాహి బయటికొచ్చింది. 2024 మార్చిలో జగన్‌మోహన్ రెడ్డి ఇడుపులపాయ నుంచి బస్సు యాత్ర మొదలుపెట్టారు. 

● సినిమావాళ్ల సంగతి. ఒకప్పుడు షూటింగులో తారలు చెట్టుకింద కుర్చీలోనో, ఆ ఊళ్లో ఎవరింట్లోనో చీర మార్చుకునేవారు. అందుకోసం లోపలే గది ఉన్న బండ్లు మన దేశంలోకి రావడానికి దారి వేసింది నటి పూనమ్ ధిల్లాన్ అని చెబుతారు. బొంబాయిలో వాటిని వానిటీ వ్యాన్ అంటారు, మన ఫిలింనగర్‌లో క్యారవాన్ అనే అంటారు. 2019లో అల్లు అర్జున్ హైదరాబాదులో చేయించుకున్న నల్లటి బండికి ఫాల్కన్ అని పేరు పెట్టుకున్నారు. అంత పెద్దదాన్ని చూసి మనమూ అలాంటిదే కట్టించుకుందామని ఆశపడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. షూటింగు క్యారవాన్ ఎక్కువకాలం నిలబడే ఉంటుంది. కుటుంబంతో తిరిగే బండి రోజూ కదలాలి.

● చట్టం దృష్టిలో క్యారవాన్ కావాలంటే లోపల ఇవి ఉండాలి: కూర్చునే సీట్లు, బల్ల, పడుకునే చోటు, వంటకు ఏర్పాటు, సామాను పెట్టుకునే అరలు. సీటే మంచంగా మారినా సరే. మోటారు క్యారవాన్లకని మన దేశంలో ఏఐఎస్ 124 అనే ప్రమాణం ప్రత్యేకంగా ఉంది. ఉన్న బస్సును ఊళ్లో షెడ్డులో ఇష్టమొచ్చినట్టు కోసి ఇల్లు చేస్తామంటే కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దీనికి అడ్డు. ఆర్సీలో ఉన్న వివరాలకు, తయారీదారు ఇచ్చిన కొలతలకు తేడా వచ్చే మార్పులు చేయరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పెద్ద బండికి మారేటప్పుడు మొదట పోవలసింది బాడీ కట్టే షెడ్డుకు కాదు, ఆర్టీవో ఆఫీసుకు.

● బండి పెరిగితే లైసెన్సు మారుతుందా? మారవచ్చు. మన దగ్గర హద్దు 7,500 కిలోలు. ఆ లోపు బండ్లకు కారు నడిపే ఎల్‌ఎంవీ లైసెన్సు చాలు. ఇదే బరువు లోపలి ట్రాన్స్‌పోర్టు బండ్లకు కూడా అది చెల్లుతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ట్రావెలర్ మీద కట్టిన చిన్న క్యారవాన్ హాయిగా ఈ హద్దులోపలే ఉంటుంది. పెద్ద బస్సు చాసిస్ మీద కట్టినది దాటేస్తుంది, అప్పుడు హెవీ లైసెన్సు కావాలి. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు ఈ గీత ఇంకా కింద ఉంది. 1997కు ముందు కారు లైసెన్సు తీసుకున్నవాళ్లు 7,500 కిలోల దాకా నడపవచ్చు. తర్వాత తీసుకున్నవాళ్లకు మామూలుగా 3,500 కిలోలే. అందుకే అక్కడ చాలామంది బండి ఎంచుకునేటప్పుడు పొడవుకన్నా ముందు బరువు చూస్తారు.

● ఇప్పుడు నీళ్ల లెక్క. ఇది అందరూ తక్కువ అంచనా వేసే విషయం కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. మనం బకెట్, చెంబు అలవాటైనవాళ్లం. ఒక బకెట్‌కు పద్దెనిమిది లీటర్లు అనుకుందాం. ఐదుగురు తలా ఒక బకెట్ పోసుకుంటే తొంభై లీటర్లు. వంద లీటర్ల ట్యాంకు ఉన్న చిన్న బండిలో ఇక కాఫీకీ గిన్నెలకూ మిగిలేది పది లీటర్లు. సరే, పెద్ద బండిలో మూడొందల లీటర్ల ట్యాంకు పెట్టించామనుకోండి. లీటరు నీళ్లు ఒక కిలో. అంటే నిండు ట్యాంకు మూడొందల కిలోలు. సుమారు ఐదుగురు పెద్దమనుషులను ఒకే మూలలో నిలబెట్టి ప్రయాణం చేసినట్టు. ట్యాంకు సగమే ఉంటే ఇంకో చిక్కు. మలుపులో నీళ్లన్నీ ఒక పక్కకు ఒరిగి బండిని లాగుతాయి. అందుకే మంచి ట్యాంకుల్లో అడ్డు పలకలు వేస్తారు. ఘాట్ ఎక్కేముందు ట్యాంకు అడుగంటా ఖాళీగా ఉండాలి, లేదా నిండుగా ఉండాలి. సగం సగం వద్దు. వాడిన నీళ్లూ అంతే బరువని, వాటికీ వేరే ట్యాంకు ఉంటుందని మరవకండి. దాన్ని చెరువు గట్టున వదిలేసి పోయేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ. మా సీమలో చెరువు నిండడమే పెద్ద పండగ.

● ఒకటిన్నర టన్ను ఏసీ నడవాలంటే గంటకు దాదాపు ఒకటిన్నర యూనిట్ల కరెంటు. 12 వోల్టుల, 100 యాంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది మొత్తం 1.2 యూనిట్లు. అంటే ఆ బ్యాటరీని చివరిబొట్టు దాకా పిండినా గంట కూడా రాదు. పైగా మామూలు లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. పెద్ద బండిలో చల్లబరచవలసిన గాలి ఎక్కువ, ఎండ తగిలే పైకప్పు వెడల్పు. బ్యాటరీలు, జనరేటరు, వాటి బరువు అన్నీ పెరుగుతాయి. మదనపల్లె పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ రాత్రి కిటికీ తెరుచుకుని పడుకోవచ్చు. ఆ సుఖం నెల్లూరులో దొరకదు.

● హార్స్‌లీ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు కాపాడాయని కథ. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర అక్కడ బంగళా కట్టుకోవడంతో ఆయన పేరు నిలిచిపోయింది. నాలుగు వేల అడుగులకు పైన ఉన్న ఆ కొండకు మేం రెండుసార్లు పోయాం. మొదటిసారి ట్రావెలర్ మీద కట్టిన చిన్న క్యారవాన్. అమ్మ మంచం మీద నుంచి లేచిన ప్రతిసారీ తల పైకప్పుకు తగిలేది. పాలు పొంగించాలంటే ముందు మా అబ్బాయి పరుపు మడవాలి. ఒకరు బ్రష్ చేసుకుంటుంటే మిగతావాళ్లు కదలకూడదు. కానీ బండి ఘాట్ ఎక్కేటప్పుడు ఎక్కడా ఆగలేదు.

రెండోసారి పెద్దది. అమ్మ నిలువునా నిలబడి జుట్టు ముడి వేసుకుంది. ఆమె మొహంలో ఆ తృప్తి చూడడానికైనా పెద్ద బండి తీసుకోవచ్చు అనిపించింది. తర్వాత కొండ మలుపు వచ్చింది. సగం తిరిగాక ఆగింది. డ్రైవరు దిగి, చక్రం దగ్గర కూర్చుని, వెనకభాగం గోడకు ఎంత దూరంలో ఉందో జేనతో కొలిచి చూశాడు. "ముందర తిరిగిపోతాది సార్, దెబ్బంతా వెనకాలే" అన్నాడు. రెండుసార్లు రివర్స్ వేసి, నేనూ మా అబ్బాయీ కింద నిలబడి చేతులూపితే గానీ మలుపు దాటలేదు. వెనకాల ఏడెనిమిది కార్లు ఓపికగా ఆగాయి.

● ఆ డ్రైవరు చెప్పినదానికి లెక్క ఉంది. వెనక చక్రం ఇరుసు నుంచి బండి చివరిదాకా బయటికి పొడుచుకువచ్చిన భాగం, ముందు వెనక ఇరుసుల నడుమ దూరంలో 60 శాతం మించకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. స్టీరింగు కుడికి తిప్పితే ఈ తోక ఎడమకు ఊగుతుంది. తోక ఎంత పొడవైతే ఊపు అంత. వెడల్పు కూడా 2.6 మీటర్లు మించరాదు. కనుక లోపల ఎక్కువ చోటు కావాలంటే బండి పొడవుకూ ఎత్తుకూ పెరగవలసిందే. ఎత్తు పెరిగితే చింతకొమ్మలు, కేబుల్ వైర్లు, రైల్వే అండర్ బ్రిడ్జీలు అన్నీ అడ్డే. తీసుకునేముందు బండి ఎత్తును అడుగుల్లో, అంగుళాల్లో ఒక కాగితం మీద రాసి డ్రైవరు కళ్లెదుట అంటించుకోండి. ఏసీ డబ్బా, సోలార్ పలకలు కలుపుకుని కొలవాలి.

● పలమనేరు, కుప్పం నడుమ రోడ్డు పక్కనున్న అడవి కౌండిన్య అభయారణ్యం. అక్కడ అడవి ఏనుగులున్నాయి. ఆ దారిలోనే కైగల్ జలపాతం కూడా ఉంది కాబట్టి చాలామంది ఆగాలనుకుంటారు. పగలు ఆగండి. చీకటి పడ్డాక పెద్ద బండిని ఆ రోడ్డు పక్కన నిలిపి వంట మొదలుపెట్టవద్దు. ఏనుగు ఎదురైతే చిన్న బండి గబుక్కున వెనక్కి తిరుగుతుంది, పెద్దది తిరగలేదు.

● అద్దెకు తిప్పే క్యారవాన్ ట్రాన్స్‌పోర్టు బండి కిందికి వస్తుంది. పర్మిట్ ఉండాలి. మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉండే మాలాంటివాళ్లకు 2023లో వచ్చిన ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ నిబంధనలు పెద్ద ఊరట.

● కేరళ 2021లోనే క్యారవాన్ టూరిజానికి విధానం ప్రకటించింది. మన దగ్గరా అది నడవాలంటే, బండి ఎంత మంచిదైనా రాత్రి నిలపడానికి చదునైన నేల, 15 యాంపియర్ల ప్లగ్గు, మంచినీళ్ల కొళాయి, వాడిన నీళ్లు పోసే గుంత ఉండాలి. ఈ నాలుగూ ఉన్న స్థలం హార్స్‌లీ కింద, కుప్పం పొలిమేరలో, పుంగనూరు దారిలో ఒక్కొక్కటి ఉంటే ఎన్ని కుటుంబాలు వచ్చి పోతాయో! రైతులకూ రెండు రూపాయలు మిగులుతాయి.

● పుంగనూరు అంటే గుర్తొచ్చింది. అక్కడి ఆవు ఎత్తు సుమారు మూడడుగులు. ప్రపంచంలోని అతి పొట్టి ఆవు జాతుల్లో ఒకటి. కొద్ది మేత తిని చిక్కటి పాలిస్తుందని పేరు. మా అమ్మ పెద్ద క్యారవాన్ కిటికీలోంచి ఒకదాన్ని చూసి బండి ఆపించింది. ఆపడానికి చోటు కోసం ఇంకో కిలోమీటరు పోవలసి వచ్చింది. అమ్మ ఆ కిలోమీటరూ వెనక్కి నడిచి వెళ్లి, ఆవు గంగడోలు నిమిరి వచ్చింది.